మూడు నెలల రీహాబ్ అయ్యాక అన్నను ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న (క్లుప్తంగా): మాది దేవరకొండ దగ్గర ఊరు. అన్నకు 36 ఏళ్లు, డీసీఎం నడుపుతాడు. మొదట కల్లు, తర్వాత మందు, ఆఖరికి రెండూ. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో మూడు నెలలు ఉన్నాడు. ఈ నెలాఖరుకు బయటికొస్తాడు. ఇప్పుడే ఇంటికి తీసుకెళ్లొద్దు, మా సోబర్ హోమ్‌లో ఆరు నెలలు ఉంచండి, నెలకు 14 వేలు అంటున్నారు. అమ్మేమో ఇంటికి తీసుకొచ్చి అయ్యప్ప మాల వేయిద్దాం అంటోంది. వదిన పిల్లలతో కల్వకుర్తిలో పుట్టింట్లో ఉంది, రావాలంటే భయపడుతోంది. కల్లు దుకాణం మా గల్లీలోనే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

తమ్ముడూ, డీ-అడిక్షన్ వార్డుల్లో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. మీ అన్నను నేరుగా ఆ గల్లీకి తీసుకురావద్దు. అలాగని అడిగినంతా కట్టి వాళ్లు చూపించిన చోటే పెట్టాలని కూడా లేదు. సోబర్ హోమ్ అంటే ఏమిటో, అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఆ 14 వేలు దేనికి అడుగుతున్నారో నీకే అర్థమవుతుంది. అందులో కొంత భాగాన్ని నల్లగొండలోనో దేవరకొండలోనో మనమే ఎలా ఏర్పాటు చేసుకోవచ్చో కూడా తెలుస్తుంది.

రీహాబ్‌లో మనిషి గేటు లోపల ఉంటాడు. తాగడానికి దొరకదు కాబట్టి తాగడు. సోబర్ హోమ్‌కు అలాంటి గేటు ఉండకూడదు. తాగుడు మానిన నలుగురైదుగురు ఒక ఇంట్లో కలిసి ఉంటారు, పొద్దున పనికి వెళ్తారు, సాయంత్రం వస్తారు, అద్దె పంచుకుంటారు, వంతులవారీగా వండుకుంటారు. ఇంట్లో మందు ఉండదు. తాగినవాడికి ఆ రాత్రి అక్కడ చోటు ఉండదు. దారిలో వైన్స్ ఉంటుంది, జేబులో డబ్బులు ఉంటాయి, అయినా తాగకుండా ఇల్లు చేరడం అక్కడ నేర్చుకుంటాడు. మూడు నెలలు లోపల ఉన్నవాడికి ఈ అలవాటు ఇంకా రాలేదు. అందుకే బయటికొచ్చిన మొదటి కొన్ని వారాల్లోనే ఎక్కువమంది జారిపోతారు.

అమెరికాలో ఆక్స్‌ఫర్డ్ హౌస్ పేరుతో ఇలాంటి ఇళ్లు వేలల్లో ఉన్నాయి. 1975లో మేరీల్యాండ్ రాష్ట్రంలో ప్రభుత్వం నడిపే ఒక హాఫ్‌వే హోమ్ (చికిత్స అయ్యాక, ఇంటికి వెళ్లేముందు కొన్నాళ్లు ఉండే ఇల్లు) మూతపడబోతుంటే, పాల్ మలాయ్ అనే ఆయన, అక్కడే ఉంటున్న మరికొందరు కలిసి ఆ ఇంటిని తామే అద్దెకు తీసుకుని నడిపారు. మేనేజరు లేడు, డాక్టరు లేడు. లెక్కలు, వంట, కొత్తవాళ్లను చేర్చుకోవడం, తాగినవాణ్ణి పంపేయడం అన్నీ ఓట్లతోనే. చికాగోలో లియొనార్డ్ జేసన్ బృందం ఈ ఇళ్ల మీద అధ్యయనం చేసింది. చికిత్స పూర్తయిన 150 మందిలో సగం మందిని ఈ ఇళ్లకు పంపారు, మిగతా సగం మందిని మామూలు పద్ధతిలో వదిలారు. రెండేళ్ల తర్వాత చూస్తే మామూలు పద్ధతిలో వెళ్లినవాళ్లలో సుమారు 65 శాతం మంది మత్తు వాడుతున్నారు. ఈ ఇళ్లలో ఉన్నవాళ్లలో అది 31 శాతం. ఆరు నెలలు, అంతకు మించి ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా మెరుగ్గా ఉంది. కాబట్టి ‘ఆరు నెలలు’ అని సెంటర్ వాళ్లు చెప్పిన మాటలో తప్పు లేదు. అయితే ఆ ఫలితం వచ్చింది ఉండేవాళ్లే నడుపుకునే ఇళ్లలో. ‘సోబర్ హోమ్’ అని బోర్డు పెట్టిన ప్రతి చోటా అదే వస్తుందనుకోవద్దు.

ఇక మీ అమ్మ మాట. మాల అనగానే చదువుకున్నవాళ్లు కొందరు నవ్వుతారు, నేను మాత్రం నవ్వను. పొద్దున క్వార్టర్ లేనిదే చెయ్యి నిలవనివాడు కూడా కొందరు నలభై ఒక్క రోజులు ముట్టకుండా ఉండటం మన ఊళ్లలో నువ్వూ చూసే ఉంటావు. భక్తి ఒక్కటే అయితే గుడికి వెళ్లొచ్చిన ప్రతివాడూ మానేయాలి. మాలలో ఇంకేముందో చూడు. తెల్లవారకముందే లేవాలి, చన్నీళ్ల స్నానం, పూజ. సన్నిధానంలో తోటి స్వాములతో కలిసి పడుకుంటారు. భిక్ష వేళకు తింటారు. గురుస్వామి కంట్లో పడకుండా ఉండటం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, ఊరంతా ‘స్వామీ’ అని పిలుస్తుంది. నల్లబట్టలు కట్టినవాడికి గ్లాసు అందించడానికి ఎంత తాగుబోతు దోస్తుకైనా చెయ్యి రాదు. సరిగ్గా చూస్తే అది నలభై ఒక్క రోజుల సోబర్ హోమే. ఇరుముడి ఇచ్చి, కొండ దిగి, మాల తీసిన మర్నాటి నుంచి సన్నిధానం లేదు, స్వాములు లేరు, పిలుపు లేదు. కొందరికైతే మర్నాటి దాకా కూడా ఆగదు, తిరుగు ప్రయాణంలోనే బస్సులో సీసా తెరుచుకుంటుంది.

కాబట్టి అమ్మతో వాదించకు. మాల వేసుకునే కాలమైతే, అన్నకు ఇష్టమైతే వేసుకోనివ్వు. మాల తీసిన తర్వాతి సోమవారం అన్న ఎక్కడ పడుకుంటాడు, ఎవరితో తింటాడు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎక్కడ ఉంటాడు అన్నది మాత్రం మాల వేసేముందే తేల్చుకోవాలి. ఒక జాగ్రత్త. రోజూ తాగుతున్నవాడికి మాల పేరుతో ఒక్కసారిగా ఆపించడం ప్రమాదం. మీ అన్న ఇప్పటికే మూడు నెలలు మానేసి ఉన్నాడు కాబట్టి ఆ భయం లేదు. కానీ ఇది చదివే వేరేవాళ్లు ఉంటారు, అందుకే చెబుతున్నాను.

ఎందుకు ప్రమాదమంటే, మన దగ్గర కల్లు దుకాణాల్లో దొరికేది చాలా చోట్ల కల్లు కాదు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. అందుకని నీళ్లు, చక్కెర లాంటి శాక్రిన్, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అల్ప్రాజోలం అంటే నిద్రకు, ఆందోళనకు డాక్టర్లు తక్కువ మోతాదులో, కొద్ది రోజులకే రాసే మాత్ర. దాన్ని రోజూ లెక్కలేకుండా తాగిన ఒళ్లు, అది అందకపోతే ఒకటి రెండు రోజుల్లో ఎదురు తిరుగుతుంది. వణుకు, నిద్ర పట్టకపోవడం, ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు ఉండటం, లేనివి కనబడటం, ఫిట్స్. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయినప్పుడు పాలమూరు, నిజామాబాద్ వైపు జనం పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు చేరింది ఇందుకే. బయటివాళ్లకు అదేదో కొత్త రోగంలా కనిపించింది. అది మత్తు మందు ఆగడం వల్ల వచ్చిన విత్‌డ్రాయల్. మందు తాగేవాళ్లకూ ఇలాంటిదే ఉంది. ఆఖరి గుక్క తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మాటలు తేడాగా రావడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, జ్వరం, ఫిట్స్ వస్తే అది ప్రాణాల మీదికొచ్చే స్థితి. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించే లోపు మనిషి పోయిన సందర్భాలు ఉన్నాయి. 108కు ఫోన్ చేయాలి.

మీ అన్న విషయంలో దీనితో నీకు రెండు పనులు ఉన్నాయి. మొదటిది, డిశ్చార్జి రోజు సెంటర్ వాళ్లను ‘నిద్రకు ఏ మాత్ర ఇస్తున్నారు, ఎన్నాళ్లుగా, ఎంత మోతాదు’ అని అడుగు, కాగితం మీద రాయించుకో. కల్లులో ఉన్న మత్తునే మాత్ర రూపంలో మూడు నెలలు ఇస్తూ, ఇంటికి పంపేటప్పుడు ఒక్కసారిగా ఆపేసే చోట్లు ఉన్నాయి. ఇంటికొచ్చిన మూడో రోజు ఫిట్స్ వస్తే అందరూ ‘మళ్లీ తాగాడు’ అంటారు. అలాంటి మాత్ర ఏదైనా నడుస్తుంటే సైకియాట్రిస్టు చెప్పినట్టు వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. రెండోది, ‘మందు మానేశాను, కల్లు చెట్టు నుంచి వచ్చిందే కదా, ఒంటికి చలువ’ అనే మాట. ఇది మీ అన్న నోట కాకపోయినా ఊళ్లో ఎవరో ఒకరి నోట వస్తుంది. స్వచ్ఛమైన తాటి కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులిసి పెరుగుతుంది. దుకాణం కల్లు సంగతి చెప్పనే చెప్పాను. కల్లుతో మొదలుపెట్టినవాడు మళ్లీ కల్లు దగ్గరే జారతాడు. ఇది నేను పదే పదే చూసింది.

ఇప్పుడు ఆ 14 వేల ఇంటి సంగతి. డబ్బు కట్టేముందు నువ్వే స్వయంగా వెళ్లి చూడు, ముందే చెప్పి వెళ్లకు. సాయంత్రం ఏడు గంటలకు వెళ్లు. లోపలివాళ్లు పని నుంచి వస్తున్నారా, లేక పొద్దంతా టీవీ ముందే కూర్చున్నారా? గేటుకు బయటి నుంచి తాళం ఉందా? ఫోన్లు వాళ్ల దగ్గరే ఉన్నాయా? ఏడాదికి పైగా మానేసి ఉన్నవాడు ఆ ఇంట్లో ఒక్కడైనా ఉన్నాడా? తాగి వచ్చినవాణ్ణి ఏం చేస్తారని అడిగితే వాళ్లు చెప్పే జవాబులోనే సగం తెలిసిపోతుంది. ‘రెండు దెబ్బలు వేసి గదిలో పెడతాం’ అని నవ్వుతూ చెప్పినా సరే, అక్కడి నుంచి వచ్చేయ్. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మత్తుకు బానిస కావడం వల్ల వచ్చే స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. చికిత్స ఇచ్చే కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. గొలుసులతో కట్టేయడం, ఒంటరి గదిలో బంధించడం నిషేధం. మనిషికి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే డాక్టర్ల పరీక్ష, గడువులు, పద్ధతి ఉన్నాయి. ఇంటివాళ్లు సంతకం పెడితే చాలు, ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు అనేది అబద్ధం. హాఫ్‌వే హోమ్‌లు, ఆసరాతో కూడిన నివాసాలు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా అదే చట్టంలో ఉంది. కాగితం మీద ఉన్నంత మన జిల్లాల్లో లేదు, అది వేరే సంగతి.

నా అంచనా చెప్పనా? ‘సోబర్ హోమ్’ అని చెప్పే చాలా చోట్లు అదే సెంటర్ పై అంతస్తు. అదే వార్డెన్, అదే సాంబారు, బిల్లు మాత్రం కొత్తది. మీ అన్నను అక్కడి నుంచి రోజూ పనికి పంపకపోతే అది ఇంకో ఆరు నెలల రీహాబ్, అంతే. పనికి పంపుతూ, తాళం లేకుండా, పాతవాళ్లు కొందరు ఉన్న ఇల్లయితే మాత్రం 14 వేలు దండగ కాదు. అప్పుడు కూడా ఆరు నెలల డబ్బు ముందే కట్టకు, నెల నెలా కట్టు. ఆ డబ్బులో కొంతైనా అన్న సంపాదనలోంచి రావాలి. తన అద్దె తాను కట్టుకోవడం చికిత్సలో భాగమే.

అలాంటిది దొరకకపోతే ఏం చేయాలి? పాలమూరు పట్టణంలో నాకు తెలిసిన ముగ్గురు రెండు గదుల పోర్షన్ తీసుకుని ఉన్నారు. ఒకాయన తాపీ మేస్త్రీ, ఒకాయన ఎలక్ట్రీషియన్, మూడో ఆయన గద్వాల వైపు నుంచి వచ్చిన మగ్గం పనివాడు. ఎవరూ ఎవరికీ చుట్టం కాదు, ఆసుపత్రి ఓపీలో పరిచయం. మేస్త్రీ అప్పటికి రెండేళ్లకు పైగా మానేసి ఉన్నాడు, మిగతా ఇద్దరూ కొత్త. వాళ్లు పెట్టుకున్న రూల్సు కొన్నే. రాత్రి ఎనిమిదికల్లా ముగ్గురూ కలిసి తినాలి. తాగి ఉన్న చుట్టాన్నయినా గుమ్మం దాటనివ్వకూడదు. ఎవరైనా తాగితే ఆ రాత్రి అక్కడ పడుకోకూడదు, కానీ రోడ్డు మీద వదిలేయకుండా మిగతా ఇద్దరూ తీసుకెళ్లి ఆసుపత్రిలోనో, వాళ్ల ఇంట్లోనో దిగబెట్టాలి. మళ్లీ రావాలంటే ఆ ఇద్దరూ ఒప్పుకోవాలి. అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఎలక్ట్రీషియన్ చెల్లెలి పెళ్లిలో తాగాడు, పది రోజులు కనబడలేదు, తర్వాత వచ్చాడు, తీసుకున్నారు. మగ్గం ఆయన కొన్నాళ్లకు ఊరికి వెళ్లిపోయాడు, ఆ చోటులోకి ఇంకొకరు వచ్చారు. ఆ ఇంటిని నడిపించింది ఆ మేస్త్రీ అనుభవం, ఎనిమిది గంటల కంచం. కౌన్సెలర్‌గా నేను మాట్లాడిన మాటలకన్నా ఆ కంచమే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

మీ అన్నకు ఇలాంటిది నల్లగొండలో కుదురుతుందేమో చూడు. దేవరకొండలో పాత దోస్తులు ఎక్కువుంటారు. నల్లగొండలో డీసీఎం లోడింగ్ పనో, గోదాం పనో దొరుకుతుంది, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, మీ ఊరి నుంచి అమ్మ బస్సులో వచ్చి చూసి పోవచ్చు. వెంటనే అలాంటి జట్టు దొరకదు. అందుకే ఇప్పటి నుంచే వెతకాలి. సెంటర్‌లో మీ అన్నతో పాటు ఉన్నవాళ్లలో మన జిల్లావాళ్లు ఎవరున్నారో కనుక్కో. అయితే ఇద్దరూ కొత్తవాళ్లే ఒక గదిలో ఉండటం మంచిది కాదు, ఒకడు జారితే రెండోవాణ్ణీ లాగుతాడు. గట్టిగా నిలబడినవాడు ఒక్కడైనా ఉండాలి. ఎవరూ దొరక్కపోతే మందు అలవాటు లేని మేనమామ ఇంట్లోనో, బాబాయి ఇంట్లోనో ఆరు నెలలు ఉంచు. ‘చుట్టపు చూపుగా’ ఉంచకు. నెలకు ఇంత ఇస్తాడు, ఫలానా వేళకు వస్తాడు, తాగితే ఉండడు అని ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నాకే దింపు.

దయచేసి గుంపు మేస్త్రీ వెంట పనికి పంపకు. ‘ఊరు మారితే బుద్ధి మారుతుంది’ అని హైదరాబాద్‌కో, బెంగళూరుకో, బొంబాయికో లేబర్ క్యాంపుకు పంపే అలవాటు పాలమూరులో పాతది. అడ్వాన్సు చేతికొస్తుంది, రేకుల షెడ్డులో పదిమంది, సాయంత్రం అయితే అందరూ తాగేవాళ్లే. సోబర్ హోమ్‌కు సరిగ్గా తలకిందులు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి విని ఉంటావు, ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టింది. చేరడానికి ఫీజు లేదు, తాగడం మానాలన్న కోరిక ఉంటే చాలు. డాక్టరు, సారు ఎవరూ ఉండరు, తాగి మానినవాళ్లే మాట్లాడతారు. 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసే సమీక్ష), పూర్తిగా మానేసి నిలబడటం అనే విషయంలో ఏఏ దారి మిగతా కౌన్సెలింగ్ పద్ధతులకు ఏ మాత్రం తీసిపోదని, కొన్నిట్లో మెరుగ్గానే ఉందని తేలింది. హైదరాబాద్‌లో తెలుగు మీటింగులు జరుగుతాయి, ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి. డిశ్చార్జికి ముందే ఒక్క మీటింగుకైనా వెళ్లి, అక్కడ ఒకరిద్దరి నంబర్లు తీసుకుని రమ్మని అన్నకు చెప్పు. మనసు లాగినప్పుడు ఇంటివాళ్లకు ఫోన్ చేయడానికి ఎవరికైనా సిగ్గే. తాగి మానిన ఇంకొకరికైతే చేస్తారు. ‘దేవుడు, శక్తి’ అనే మాటలు ఏఏలో వస్తాయి, కొందరికి నచ్చదు. నచ్చకపోతే ఆసుపత్రిలో గ్రూపు థెరపీ ఉందేమో అడగండి. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. నీకూ వదినకూ అదే.

ఖర్చు గురించి ఒక్క మాట. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే వ్యసన విముక్తి కేంద్రాల్లో ఉండటం, తిండి, చికిత్స ఉచితం. 14446కు ఫోన్ చేస్తే దగ్గర్లో ఏమున్నాయో చెబుతారు. రాత్రి ఏ వేళనైనా తెలుగులో మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. కేంద్రం 2019లో బయటపెట్టిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. మీ అన్న ఆ ఒక్కడయ్యాడు, అది చిన్న విషయం కాదు.

డ్రైవింగ్ సంగతి. నిద్రమత్తు తెచ్చే మాత్రలు వాడినన్నాళ్లూ స్టీరింగ్ పట్టకూడదు, ఇందులో బేరం లేదు. ఆ తర్వాత కూడా లాంగ్ ట్రిప్పులు వెంటనే వద్దు. రాత్రి ధాబా, ఒంటరితనం, చేతిలో బత్తా డబ్బులు, మూడూ ఒకేచోట. మొదటి ఆరు నెలలు సాయంత్రానికి ఇల్లు చేరే పని చూడండి. జీతం బ్యాంకులో పడేలా ఓనరును అడగండి. అందులోంచి రోజుకింత ఖర్చుకు ఉంచుకుని మిగతాది ఎవరి దగ్గర ఉండాలో అన్నే నిర్ణయించాలి. నువ్వు లాక్కుంటే అప్పు చేస్తాడు.

ఊరి వ్యవహారం ఇంకా కష్టం. మన దగ్గర పుట్టినా దావత్, చచ్చినా దావత్. బోనాలకు సాక పోయాలి, దసరాకు ముక్క చుక్క ఉండాలి, ఎవరైనా పోతే దినాల నాడు చుట్టాలకు కల్లు పెట్టకపోతే మర్యాద కాదంటారు. ‘ఒక్క గ్లాసుకు ఏమైతది, మమ్మల్ని కానోళ్లను చేస్తున్నవా’ అనే మాట ముందు గట్టివాళ్లే ఓడిపోతారు. మొదటి ఏడాది అన్న దసరా, 31 డిసెంబరు రాత్రి, చెర్వుగట్టు లాంటి జాతరలు ఊరివాళ్లతో కలిసి చేయకపోయినా కొంపలేం మునగవు. తప్పించుకోలేనివి చావులు. అక్కడికి నువ్వు వెంట వెళ్లు, దహనం అయ్యేదాకా ఉండండి, కల్లు పెట్టెలు దిగేలోపు బయల్దేరండి. మీ ఇంట్లోనే బోనం ఉంటే సాక వేరేవాళ్లు పోస్తారు, సీసా అన్న చేతికి ఇవ్వద్దు. కులపెద్దతో, మీ మేనమామతో ముందే కూర్చుని, ‘అన్నకు లివర్ పాడైంది, డాక్టర్ గట్టిగా చెప్పాడు, ఎవరూ బలవంతం చేయొద్దు’ అని వాళ్ల నోటితోనే నలుగురిలో చెప్పించు. అన్నకు పరీక్ష చేయించకుండా లివర్ అని ఎలా అంటావంటే, చేయించు. ఎలాగూ లివర్ పరీక్ష చేయించాల్సిందే.

వదిన తన ఇష్టప్రకారమే రావాలి. ‘ఆడది ఇంట్లో ఉంటే మొగోడు బాగుపడతాడు’ అని ఎవరైనా ఆమె మీద ఒత్తిడి తెస్తే నువ్వు అడ్డు నిలబడు. అన్న తాగి కొట్టినవాడైతే, తాగుడు మానగానే చెయ్యి ఆగుతుందన్న గ్యారంటీ లేదు. అది వేరే సమస్య, దాని మీద విడిగా కౌన్సెలింగ్ జరగాలి. మొదట్లో ఆదివారం పూట పిల్లల్ని చూడటానికి అన్నే కల్వకుర్తి వెళ్లి, సాయంత్రం తిరిగి రావాలి. నాలుగైదు నెలలు అలా మాట నిలబెట్టుకుంటే ఆమెకే తెలుస్తుంది. ఆమెకు ప్రమాదం అనిపిస్తే 181కు ఫోన్ చేయొచ్చని నంబరు ఇచ్చి ఉంచు. మహిళా సంఘంలో ఆమె పేరున అప్పు తీసి అన్న పాత బాకీలు కట్టే ఆలోచన ఎవరైనా చేస్తే ఒప్పుకోవద్దు.

ఇంకోటి, ఎవరో ఒకరు నీకు తప్పక చెబుతారు, ‘తెలియకుండా మజ్జిగలో కలిపే పొడి ఉంది’ అని. వాటిలో చాలామటుకు డైసల్ఫిరామ్ ఉంటుంది. అది వాడుతుండగా తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, కొందరికి ప్రాణాపాయం. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్షించి ఇస్తే అది మంచి మందే. తెలియకుండా పెడితే విషం పెట్టినట్టే. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి కూడా ఉన్నాయి. మీ అన్నకు ఏది సరిపోతుందో లివర్, కిడ్నీ పరీక్షలు చూసి సైకియాట్రిస్టు చెబుతారు. పసరు మందుల జోలికి మాత్రం పోవద్దు.

ఒకవేళ జారితే? జారొచ్చు. ఈ మాట అన్నతో ఇప్పుడే, అతను బాగున్నప్పుడే మాట్లాడు. మూడు నెలలు మానిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోదు. పాత లెక్కలోనే మందు తాగి, పైన దుకాణం కల్లు కూడా తాగితే నిద్రలోనే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. అలా తాగి పడుకుంటే ఒంటరిగా వదలకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, లేపినా లేవకపోతే, గురక వింతగా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మర్నాడు తిట్లు, పంచాయతీ వద్దు. ఆ రోజే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఓపీకి వెళ్లాలి అన్నది ముందే రాసి పెట్టుకుంటే, ఒక రోజు జారుడు ఒక రోజుతో ఆగే అవకాశం ఉంటుంది. ‘ఎలాగూ పోయింది కదా’ అని అన్నకు అనిపించడమే అసలు దెబ్బ.

ఈ ఆదివారం హైదరాబాద్ వెళ్లినప్పుడు ఇవి చూసుకో. ఆ సోబర్ హోమ్ లోపలికి వెళ్లి అక్కడ ఉంటున్న ఇద్దరితో విడిగా మాట్లాడు. డిశ్చార్జి సమ్మరీ, మాత్రల లిస్టు ఫొటో తీసుకో. నల్లగొండ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని, బయటికొచ్చిన వారంలోపే చూపించేలా పెట్టుకో. అన్న ఒక్కడితో అరగంట కూర్చుని, ‘నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటున్నావ్’ అని అడుగు. నీ ప్రశ్నలో అమ్మ మాట ఉంది, వదిన మాట ఉంది, సెంటర్ వాళ్ల మాట ఉంది. అన్న ఏమన్నాడో ఎక్కడా లేదు. అది తెలుసుకుని మళ్లీ రాయి, దాన్నిబట్టి ఏ ఊళ్లో, ఏ పనిలో, ఎవరితో అన్నది చూద్దాం.